వేడిని పొదుపు చేసిన మతాచార్యుడు – రెవరెండు రాబర్ట్ స్టర్లింగు

మహనీయుల జీవితాలను వ్రాయునపుడు వారి విజయాలను మాత్రమే వరుసగా పేర్కొనడం లోకంలో పరిపాటి. తాను నమ్మిన పని కన్నుల యెదుట విఫలమైనా దానిని నిందింపక, తన తప్పును దాచక, మిగిలిన జీవితాన్ని నిండు మనసుతో గడిపిన వారి చరిత్రలు మనకు అరుదుగా లభిస్తాయి. స్కాట్లండు దేశంలో వేడిగాలి యంత్రాన్ని కనిపెట్టిన రెవరెండు రాబర్ట్ స్టర్లింగు జీవితం అట్టి అరుదైన చరిత్రలలో ఒకటి. మేము తెలుగు బోధించు వారము. యంత్రశాస్త్రం మా విషయం కాదు. అయినను ఈ వ్యాసం వ్రాయబూనుటకు ఒక చిన్న సంఘటన కారణమైనది.

మా విద్యార్థి ఒకడు వైజ్ఞానిక ప్రదర్శన కొరకు ఒక బొమ్మ యంత్రాన్ని తయారు చేశాడు. ఒక గాజు పరీక్షనాళిక, అందులో గిన్నెలు తోమే ఇనుప పీచుతో చుట్టిన ఒక చుట్ట, ఒక గాజు సిరంజి, చక్రంగా ఒక పాత సి.డి. బిళ్ల, క్రింద ఒక స్పిరిటు దీపం – ఇంతే దాని సామగ్రి. దీపం వెలిగించి చక్రాన్ని ఒకసారి వ్రేలితో త్రిప్పగా అది చప్పుడు లేకుండా తిరగసాగింది. పొగ లేదు, ఆవిరి లేదు. ఏడెనిమిది నిమిషాలు చక్కగా తిరిగి, సరిగా కమిటీ పెద్దలు ఆ బల్ల వద్దకు వచ్చు సమయానికి ఆగిపోయింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉన్నది. పిల్లవాని ముఖం చిన్నబోయింది. నూనె వేశాడు, మంట పెంచాడు, ఫలితం లేకపోయింది. అప్పుడు ప్రక్కనున్న మరొక విద్యార్థి తడిగుడ్డ ముక్కను నాళిక పైభాగానికి చుట్టాడు. కొన్ని క్షణాల తరువాత చక్రాన్ని కదలించగా యంత్రం మరల ప్రాణం పోసుకొన్నది. మంట పెంచిన తిరగని యంత్రం చల్లబరచిన తిరిగినది! ఈ వింతను విడమరచి తెలిసికొనగోరి చదువగా, రెండు వందల సంవత్సరాల నాటి ఒక గ్రామీణ మతాచార్యుని జీవితం మా యెదుట నిలిచింది.

రాబర్ట్ స్టర్లింగు 1790వ సంవత్సరం అక్టోబరు 25వ తేదీన స్కాట్లండులోని పెర్త్‌షైరులో మెత్వెన్ గ్రామం చేరువనున్న ఒక వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. ఎనమండుగురు సంతానంలో ఆయన మూడవవాడు. తాతగారైన మైకేల్ స్టర్లింగు ధాన్యం నూర్చే యంత్రాన్ని నిర్మించినవాడు. కనుక యంత్రాలపై అభిమానం ఆ యింట వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తి అనవచ్చును. అయితే పెద్దలు రాబర్టును చర్చి సేవకై ఉద్దేశించారు. ఆయన పదునైదవ యేట ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి లాటిను, గ్రీకు, తర్కం, గణితం మొదలగు విషయాలు అభ్యసించాడు. తరువాత గ్లాస్గోలోను, మరల ఎడింబరోలోను మతశాస్త్రం చదివాడు. యంత్రవిద్యలో ఆయనకు ఏ పట్టమూ లేదు. అది సెలవుల కాలంలో, తీరిక వేళలలో తనంతట తాను అలవరచుకొన్న విద్య. నేటి భాషలో చెప్పవలెనన్న అది ఆయన హాబీ.

1816వ సంవత్సరం సెప్టెంబరు 19వ తేదీన ఆయన కిల్మార్నాక్ పట్టణంలోని ఒక చర్చిలో మతాచార్యునిగా దీక్ష స్వీకరించాడు. సరిగా ఎనిమిది రోజుల తరువాత, సెప్టెంబరు 27వ తేదీన, తన క్రొత్త యంత్రానికి పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టుకొన్నాడు. ఇరువది ఆరేండ్లు నిండని ఆ యువకుని జీవితంలో ఈ రెండు సంఘటనలు ఒకే నెలలో జరుగుట యాదృచ్ఛికం కావచ్చును. కాని ఆ తరువాత అరువది యేండ్ల పాటు ఈ రెండును ఆయన జీవితంలో కలిసియే నడిచాయి. ప్రార్థనా వేదికకు, పనిముట్ల బల్లకు నడుమ ఆయన ఎన్నడూ వైరం చూడలేదు.

ఆవిరి యంత్రాల బాయిలర్లు ప్రేలి కార్మికులు చనిపోవుట చూచి కరుణతో ఆయన ఈ యంత్రాన్ని కనిపెట్టెనని చాలామంది వ్రాస్తారు. ఆవిరి బాయిలరు అవసరం లేని యంత్రం గనుక దీనివలన ఆ ప్రమాదం తగ్గుననుట నిజమే. కాని ఆయన తన పేటెంటు పత్రం శీర్షికలో ముందుగా పేర్కొన్న ఆశయం ఇంధన వ్యయాన్ని తగ్గించడం. కాలే బొగ్గులోని వేడిలో ఎంతో భాగం వృథాగా పోవుచున్నది. దానిని ఆపవలెననునదే ఆయన తపన.

ఆయన యంత్రం పనిచేయు విధానం ఇది. ఒక మూసిన సిలిండరులో కొంత గాలి బంధింపబడి ఉంటుంది. సిలిండరు ఒక కొన వేడిగా, మరొక కొన చల్లగా ఉంటుంది. లోపల వదులుగా అమర్చిన ఒక ముద్ద పైకి క్రిందికి కదలుతూ గాలిని ఒకసారి వేడి కొనకు, ఒకసారి చల్లని కొనకు నెట్టుతుంది. వేడి కొనకు చేరిన గాలి వ్యాకోచించి పిస్టనును బయటికి త్రోస్తుంది. చల్లని కొనకు చేరిన గాలి సంకోచించగా పిస్టను లోనికి వస్తుంది. ఈ రాకపోకలే చక్రాన్ని త్రిప్పుతాయి. గాలి బయటికి పోదు, క్రొత్త గాలి లోపలికి రాదు. ఆ గుప్పెడు గాలియే పదే పదే పనిచేస్తుంది. మంట సిలిండరు లోపల గాక వెలుపల ఉంటుంది గనుక బొగ్గైనా, కట్టెలైనా, ఊకైనా, ఎండ వేడిమియైనా దానికి సమానమే.

ఇంతవరకు ఊహించినవారు మరికొందరు ఉండవచ్చును. స్టర్లింగు ప్రతిభ యంతయు మరొక చోట ఉన్నది. వేడెక్కిన గాలి చల్లని కొనకు పోవునపుడు తనలోని వేడిని అక్కడ నీటికి అప్పగించి వృథా చేస్తుంది. మరల వేడి కొనకు వచ్చినపుడు అంత వేడినీ క్రొత్తగా మంట నుండి తీసుకోవలసి వస్తుంది. ఈ నష్టాన్ని ఆపుటకై ఆయన రెండు కొనల నడుమ గాలి పోవు దారిలో సన్నని తీగలు, పలుచని లోహపు రేకులు అమర్చాడు. గాలి చల్లని వైపు పోతూ తన వేడిని ఆ తీగలలో దాచి పోతుంది; తిరిగి వచ్చునపుడు దాచిన దానిని మరల తీసుకొంటుంది. దీనికి ఆయన పెట్టిన పేరు ఎకానమైజరు, అనగా పొదుపరి. నేటి శాస్త్రజ్ఞులు రీజెనరేటరు అంటున్నారు. మా విద్యార్థి నాళికలోని ఇనుప పీచు చేయుచుండిన పని సరిగా ఇదే. పీచుకు బదులు కర్రముక్క పెట్టి చూడగా యంత్రం ఎంతో మందకొడిగా తిరిగినదని ఆ పిల్లవాడే మాతో చెప్పాడు. ప్రవహించే నది ఒడ్డున వజూ చేయునపుడు కూడ నీటిని వృథా చేయరాదను బోధ విని పెరిగిన మన విద్యార్థులకు ఇస్రాఫు ఎంత దోషమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ నీతినే ఈ మతాచార్యుడు వేడికి అన్వయించి లోహంలో రూపొందించాడు.

కిల్మార్నాకులో ఆయనకు థామస్ మోర్టన్ అను మిత్రుడు లభించాడు. మోర్టన్ యంత్రనిర్మాణంలోను, దూరదర్శినుల తయారీలోను ఆసక్తి గలవాడు. ఆయన సాంగత్యంలో స్టర్లింగుకు పనిచేసుకొనుటకు ఒక చోటు, చేతికి పనిముట్లు లభించాయి. 1818లో స్టర్లింగు యంత్రం ఎయిర్‌షైరులోని ఒక రాతి గనిలో నీరు తోడుటకు నియమింపబడినది. అది సుమారు రెండు అశ్వశక్తుల యంత్రం. కొంతకాలం బాగుగా పనిచేసింది. కాని మితిమీరిన వేడికి గాలిపాత్ర అడుగు భాగం చెడిపోయి యంత్రం మూలపడింది. భావి విపత్తుకు ఇది తొలి సూచన.

1819లో ఆయన జీన్ రాంకిన్ అను యువతిని వివాహమాడాడు. వారికి ఐదుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగారు. 1824లో ఆయన సమీపంలోని గాల్‌స్టన్ అను చిన్న ఊరికి మతాచార్యుడై వెళ్లాడు. మరణించు వరకు, అనగా యాభై యేండ్లకు పైగా, ఆ ఊరినే అంటిపెట్టుకొని ఉన్నాడు. 1840లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చింది. అది మతశాస్త్రంలో ఇచ్చిన పట్టం.

ఆయన తమ్ముడు జేమ్స్ స్టర్లింగు వృత్తిరీత్యా ఇంజనీరు. డండీ నగరంలో ఒక ఇనుప పోత కర్మాగారాన్ని నిర్వహించేవాడు. యంత్రం లోపలి గాలిని ముందే ఒత్తిడితో నింపినట్లయితే అంతే పరిమాణం గల యంత్రం నుండి ఎక్కువ శక్తి లభించునని జేమ్స్ సూచించాడు. అన్నదమ్ములు కలిసి 1827లోను, మరల 1840లోను క్రొత్త పేటెంట్లు పొందారు. తుదకు 1843లో డండీ కర్మాగారంలోని ఒక ఆవిరి యంత్రాన్నే మార్చి వేడిగాలి యంత్రంగా తీర్చారు. కర్మాగారంలోని యంత్రసామగ్రిని అది నడిపించింది. బొగ్గు ఖర్చు తగ్గింది. ఇరువది ఏడేండ్ల కల నెరవేరినదని సోదరులు సంతసించి ఉంటారు.

కాని ఆ సంతోషం నిలువలేదు. యంత్రం బాగుగా పనిచేయవలెనన్న వేడి కొన మిక్కిలి వేడిగా ఉండవలెను. ఆనాడు లభించిన పోత ఇనుము అంత వేడికి, అంత ఒత్తిడికి ఎక్కువ కాలం ఆగజాలదు. 1845 చివర ఒక గాలిపాత్ర బద్దలైంది. దానిని మార్చగా మరుసటి యేడు ఇంకొకటి పోయింది. 1847 ఆరంభంలో మూడవది కూడ విఫలం కాగా యజమానులు విసిగి, మరల ఆవిరి యంత్రాన్నే ప్రతిష్ఠించారు. భావన సరియైనదే, లెక్క సరియైనదే. లోహం మాత్రం చాలలేదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనింపదగినది. డండీలోని పెద్ద యంత్రం మూలపడిన ఆ 1847వ సంవత్సరంలోనే, స్టర్లింగు చేసిన ఒక చిన్న నమూనా యంత్రం గ్లాస్గోలో కన్నులు తెరచింది. ఆయన పూర్వం గ్లాస్గో, ఎడింబరో విశ్వవిద్యాలయాలకు ఒక్కొక్క నమూనా బహూకరించి యుండెను. గ్లాస్గో నమూనా దుమ్ము, నూనె జిడ్డు పట్టి ఒక మూల పడి ఉన్నది. అంతకు ముందటి యేడే, ఇరువది రెండేండ్ల వయస్సులో, అక్కడ ఆచార్య పదవి స్వీకరించిన విలియం థాంసన్ దానిని శుభ్రపరచి నడిపించాడు. తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్ అని జగత్ప్రసిద్ధుడైనది ఆయనయే.

ఆ నమూనా కెల్విన్‌ను ఒక చిక్కు ప్రశ్నలోనికి దింపింది. ఈ యంత్రాన్ని గడ్డకట్టు స్థితిలో ఉన్న నీటి నడుమ నడిపినట్లయితే, రెండు వైపులా ఉష్ణోగ్రత ఒకటే గనుక, శ్రమ వ్యయం లేకుండానే ఒకవైపు నీరు మంచు కావలెను కదా! కాని నీరు మంచుగా మారునపుడు వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచంతో ఏదో ఒక పని చేయించవచ్చును. అట్లైన ఏమీ ఖర్చు లేకుండా పని లభించినట్లగును. ఇది అసంభవం. కెల్విన్ అన్న జేమ్స్ థాంసన్ ఈ చిక్కును విడదీశాడు. ఒత్తిడి పెరిగినపుడు మంచు కరగు ఉష్ణోగ్రత కొంచెం తగ్గవలెనని ఆయన 1849లో లెక్కకట్టి చెప్పగా, 1850లో కెల్విన్ ప్రయోగంతో అది నిజమని నిరూపించాడు. కర్మాగారంలో ఓడిన యంత్రం తరగతి గదిలో గెలిచింది.

ఇప్పుడు మా విద్యార్థి యంత్రం ఎందుకు ఆగినదో చెప్పుట సులభం. ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో స్థాపించిన సూత్రం ప్రకారం వేడి యంత్రానికి శక్తి వచ్చునది వేడి వలన మాత్రమే కాదు. వేడికిని చల్లదనానికిని గల అంతరం వలన. కెల్విన్ పేరిట నేడు వాడుకలో ఉన్న మానంలో వేడి కొన 600 డిగ్రీలు, చల్లని కొన 300 డిగ్రీలు ఉన్నచో, గ్రహించిన వేడిలో అత్యధికంగా నూటికి 50 వంతులు పనిగా మారగలదు. చల్లని కొన కూడ కాగి 400 డిగ్రీలకు చేరినచో ఆ హద్దు నూటికి 33కు పడిపోతుంది. ఇది లెక్కలోని హద్దు మాత్రమే. బొమ్మ యంత్రాలకు లభించునది అందులో అత్యల్పం. ఆ కొంచెం కూడ తగ్గినచో పిస్టను ఒరిపిడిని జయించు బలం ఉండదు, చక్రం ఆగుతుంది. కనుకనే నమూనాలు చేయువారు వేడి కొన కంటె చల్లని కొన మీదనే ఎక్కువ శ్రద్ధ చూపుతారు. కొందరు చల్లని కొన చుట్టూ అల్యూమినియం రెక్కలు అమర్చి గాలికి వేడిని వదలిస్తారు; కొందరు నీటి తొట్టి తొడుగుతారు. రెండు కొనలను కలుపు గోడను వీలైనంత పలుచన చేసి, వేడి ప్రాకకుండ కాపాడుతారు. మా పిల్లవాని తడిగుడ్డ చేసిన ఉపకారం ఇదే: గుడ్డలోని నీరు ఆవిరియగుచు నాళిక వేడిని తనతో కొనిపోయింది.

గాల్‌స్టనులో స్టర్లింగు వార్ధక్యం ప్రశాంతంగా గడచింది. ఆయన కుమారులలో ఒకడు తండ్రి వలె మతాచార్యుడు కాగా, నలుగురు రైల్వే ఇంజనీర్లైనారు. వారిలో పెద్దవాడైన పాట్రిక్ ఇంగ్లండులోని గ్రేట్ నార్తరన్ రైల్వేకు రూపొందించిన, ఎనిమిది అడుగుల చక్రం గల ఆవిరి ఇంజను మిక్కిలి ప్రసిద్ధి చెందినది. 1870లో చేసిన వాటిలో మొదటిది నేటికిని యార్క్ నగరపు రైల్వే మ్యూజియంలో భద్రంగా ఉన్నది. ఆవిరికి బదులు వేడిగాలిని నిలుపదలచిన తండ్రికి, ఆవిరి ఇంజన్లతో కీర్తి గడించిన కుమారుడు!

1876లో, ఎనుబది ఆరేండ్ల ప్రాయంలో, ఆయన తన యంత్రం గూర్చి వ్రాసిన ఒక లేఖలో పరాజయాన్ని దాచలేదు, ఎవరినీ నిందింపలేదు. హెన్రీ బెస్సిమర్ 1856లో చౌకగా ఉక్కు చేయు పద్ధతి కనిపెట్టిన తరువాత గాలిపాత్రల చిక్కు తీరు మార్గమేర్పడినదని గుర్తించి, ఇకముందు వచ్చువారు ఆ ఉక్కుతో తన ఆశయాన్ని నెరవేర్చగలరని నమ్మిక వెలిబుచ్చాడు. 1878వ సంవత్సరం జూన్ 6వ తేదీన ఆయన గాల్‌స్టనులోనే కన్నుమూశాడు. మరొక విశేషం చెప్పదగినది. బెస్సిమరుకు పేరు వచ్చిన ఆ 1856లోనే ఫ్రెడెరిక్ సీమెన్స్ ఒక క్రొత్త కొలిమికి పేటెంటు పొందాడు. బయటికి పోవు పొగలోని వేడిని ఇటుకలలో దాచి లోనికి వచ్చు గాలికి తిరిగి ఇచ్చుట దాని సూత్రం. అది స్టర్లింగు పొదుపరి సూత్రమే. ఆ కొలిమిలో తరువాత లోకమంతటా ఉక్కు తయారైనది. తన యంత్రానికి కరవైన ఉక్కును చేయుటకు తన భావనయే తోడ్పడినదన్నమాట.

ఆయన యంత్రం ఆయనతో అంతరించలేదు. 1860లలోనే స్కాట్లండు ఇంజనీరు అలెగ్జాండర్ కర్క్ దానిని తలక్రిందులు చేసి, బయటి శక్తితో త్రిప్పి, చల్లదనం పుట్టించు యంత్రంగా వాడాడు. జర్మనీలోని న్యూరెంబర్గు బొమ్మల తయారీదారులు పిల్లల కొరకు చిన్న చిన్న వేడిగాలి యంత్రాలు చేసి అమ్మారు. విద్యుత్తు రాని కాలంలో, కిరోసిన్ దీపపు వేడితో తిరుగు వేడిగాలి పంకాలు మన దేశంలో కూడ సంపన్నుల ఇండ్లలో ఉండేవి. 1930లలో హాలండులోని ఫిలిప్స్ సంస్థ కరెంటు లేని చోట్ల రేడియోలు నడుపుటకై ఈ యంత్రాన్ని పునరుద్ధరించింది. ట్రాన్సిస్టరు రేడియోలు రాగా ఆ అవసరం తీరిపోయింది. కాని ఆ సంస్థయే 1950లలో దీనిని తలక్రిందులుగా నడిపి గాలిని ద్రవంగా మార్చు శీతల యంత్రాన్ని నిర్మించింది. 1990లలో స్వీడను దేశం గాట్లండు తరగతి జలాంతర్గాములలో స్టర్లింగు యంత్రాలను అమర్చింది. ఇక హాబీగా నమూనాలు చేయువారి కృషి చిన్నది కాదు. 1983లో యుగోస్లావియాలోని జాగ్రెబ్ ఆచార్యుడు ఐవో కోలిన్ కేవలం వేడినీటితో నడచు యంత్రాన్ని ప్రదర్శించాడు. అమెరికా గణితాచార్యుడు జేమ్స్ సెన్ఫ్ట్ ఆ మార్గంలో సాగి, అరచేతి వెచ్చదనంతో తిరుగు నమూనాలు నిర్మించాడు.

ఈ చరిత్ర మన విద్యార్థులకు ఏమి చెప్పుచున్నది? ప్రదర్శన నాడు యంత్రం ఆగిన క్షణంలో ఆ పిల్లవాడు దానిని విప్పి పెట్టెలో పడవేయబోయాడు. ఆగిన యంత్రం తప్పుడు యంత్రం కాదు. ఎక్కడనో వేడి చేరి కూర్చున్నదని అర్థం. డండీ యంత్రం మూడుసార్లు పగిలినా దాని భావన పగలలేదు. మార్కుల పట్టికలో చోటులేని ఇట్టి పనులే ఒక్కొక్కప్పుడు పుస్తకం చెప్పలేనిది చేతికి చెప్పుతాయి. మా భాషా విభాగపు విద్యార్థులకు కూడ ఇది వర్తిస్తుంది. లాటిను, గ్రీకు చదివిన వాడే ఈ యంత్రాన్ని చేశాడు కదా.

కమిటీ పెద్దలకు మేము చేయు మనవి ఒక్కటే. మోర్టన్ స్నేహం వలన స్టర్లింగుకు పనిముట్లున్న ఒక చోటు దొరికింది. మన కళాశాలలోను ఒక చిన్న గది, ఒక గట్టి బల్ల, ఒక పట్టకారు బిగింపు, నాలుగు ఆకురాళ్లు, ఒక టంకపు కడ్డీ ఏర్పాటు చేసినచో పెద్ద వ్యయం కాదు. అక్కడ తయారయ్యే బొమ్మలలో పది ఆగిపోవచ్చును, పగిలిపోవచ్చును. గ్లాస్గోలో దుమ్ము పట్టి మూలనున్న నమూనాను కూడ అందరూ పనికిరానిదనే తలచి ఉంటారు. తుడిచి నడిపించు వాడొకడు వచ్చుటతో దాని విలువ లోకానికి తెలిసినది. మా విద్యార్థి ఇప్పుడు తన యంత్రానికి తడిగుడ్డ తీసివేసి, ఒక పాత పాల డబ్బా కోసి నీటి తొట్టి అమర్చుచున్నాడు. వచ్చే ప్రదర్శన నాటికి అది గంటసేపు ఆగకుండ తిరుగునని అతని నమ్మకం. మా ఆశయు అదియే.